నంబర్ 1 సభ్యుడికి పాల డబ్బులు ఎందుకు పడలేదు: ఒక డెయిరీ డేటాబేస్ కేసు

పేమెంట్ వేసిన మర్నాడు పొద్దున్నే ఫోన్. కోస్తాలో ఒక డెయిరీకి బ్యాకెండ్ పని మేం చూస్తాం. 61 పాల సంఘాలు, 7,400 దాకా సభ్యులు, పది రోజులకోసారి బిల్లు. ఫోన్ చేసింది ఒక సంఘం సెక్రటరీ. మామూలుగా ఆయన ఫోన్ చేశాడంటే వెన్న శాతం చూసే మిషన్‌కీ ట్యాబ్‌కీ కనెక్షన్ తెగిపోయిందనే అర్థం. ఆ రోజు మాత్రం గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు.

"సార్, మా ప్రెసిడెంటు గారికి డబ్బులు పడలేదు."

"బ్యాంకు దగ్గర ఆగి ఉంటాయండీ. సాయంత్రం దాకా చూద్దాం."

"ఆగలేదు సార్, పడ్డాయి. వేరే ఆయనకి పడ్డాయి. కొత్త ఖాతాలో ఇంత పడింది, నేను పోసిన పాలు అన్ని లేవే అని ఆయనే వచ్చి అడిగాడు. బిల్లు తీసి చూస్తే అది మా ప్రెసిడెంటు గారి మొత్తం, పైసలతో సహా."

మధ్యాహ్నానికి ఇంకో నాలుగు ఊళ్ల నుంచి ఇదే మాట. ఊళ్లు వేరు, మనుషులు వేరు. కామన్‌గా ఉన్నది ఒక్కటే: డబ్బులు అందని ప్రతి ఒక్కరూ వాళ్ల సంఘంలో నంబర్ 1 సభ్యుడు. పాల సంఘంలో ఒకటో నంబర్ అంటే సంఘం పెట్టిన రోజు ముందు సంతకం చేసినాయన. చాలా ఊళ్లలో ఆయనే ప్రెసిడెంటు, కాకపోతే ప్రెసిడెంటుకి అన్నో బావమరిదో. మా సాఫ్ట్‌వేర్ ఏరికోరి ఊరికొక పెద్దమనిషిని పట్టుకున్నట్టయింది. "ఇది ఎవరో కావాలని చేసిన పనే" అన్న మాట అప్పటికే డెయిరీ ఆఫీసులో తిరుగుతోంది.

కావాలని ఎవరూ చేయలేదు. ఒక రికార్డును వెతికి మార్చే లైను ఒకటి ఉంది. దాని చుట్టూ వేర్వేరు నెలల్లో ఇద్దరం చెరో చిన్న మార్పు చేశాం. విడిగా చూస్తే రెండింటిలోనూ ప్రమాదం లేదు.

రికార్డు ఎలా ఉంటుందంటే

డేటాబేస్ మాంగోడీబీ, ఒకే డేటా కాపీలు ఉంచుకునే మూడు సర్వర్ల రెప్లికా సెట్. కోడ్ జావాస్క్రిప్ట్‌లో, నోడ్ మీద నడుస్తుంది. కోడ్‌కీ డేటాబేస్‌కీ మధ్యలో మంగూస్ లైబ్రరీ. మాంగో అన్నది మామిడిపండు కాదు, హ్యూమంగస్ అనే మాటలోంచి తీసిన ముక్క. మంగూస్ మాత్రం నిజంగానే ముంగిస.

ఒక్కో రైతుకి ఒక్కో డాక్యుమెంట్. అందులో సంఘం కోడ్, సభ్యుడి నంబరు, తెలుగులో పేరు, ఫోన్, బ్యాంకు ఖాతా, ఐఎఫ్‌ఎస్‌సీ, దాణా బాకీ, పశువుల జాబితా ఉంటాయి. సభ్యుడి నంబరు ప్రతి సంఘంలోనూ 1 నుంచే మొదలవుతుంది. కాబట్టి ఒక మనిషిని పట్టుకోవాలంటే సంఘం కోడూ కావాలి, నంబరూ కావాలి. రెండింటి మీదా కలిపి ఒక యునీక్ ఇండెక్స్ పెట్టాం, అంటే ఒకే జత రెండోసారి రానివ్వని, వరసగా పేర్చిన సూచిక. ముందు సంఘం, తర్వాత నంబరు. ఈ వరస గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఖాతా మార్చే స్క్రీన్ సెక్రటరీ ట్యాబ్‌లో ఉంటుంది. రైతు పాసుబుక్కు తెస్తే ఆయన చూసి కొడతాడు. సర్వర్ దాన్ని అందుకుని "ఫైండ్ వన్ అండ్ అప్‌డేట్" అనే ఆపరేషన్‌ను పిలుస్తుంది. దానికి మూడు ఇవ్వాలి: ఎవర్ని వెతకాలో చెప్పే ఫిల్టర్, ఏం మార్చాలో చెప్పే భాగం, తిరిగి ఏం పంపాలో చెప్పే ఆప్షన్లు. ఫిల్టర్‌కి సరిపోయిన మొదటి డాక్యుమెంట్‌ను పట్టుకుని, మధ్యలో ఇంకెవరి చెయ్యీ పడకుండా మార్చి, దాన్ని మన చేతికిస్తుంది. సరిపోయేవి వంద ఉన్నా అడగదు. మొదటిది దొరికిందా, మార్చిందా, పనైపోయింది.

మరి "మొదటిది" అంటే ఏది? ఏ వరసలో చూడాలో (సార్ట్) చెప్పకపోతే, డేటాబేస్ ఏ దారిన వెతుక్కుంటూ వెళ్తే ఆ దారిలో ముందు తగిలింది.

వెతుకులాట

ముందు బ్యాంకుకి పంపిన ఫైలు చూశాం. ప్రెసిడెంటు గారి పేరుకి ఎదురుగా వేరే ఖాతా. ఫైలు తయారయ్యేది డేటాబేస్ నుంచే, కాబట్టి బ్యాంకును అనడానికేం లేదు. ఆయన డాక్యుమెంట్ తీస్తే అక్కడా అదే ఖాతా. మారింది ఆరు రోజుల క్రితం, సాయంత్రం పూట పాలు పోసే వేళ. ఆ నిమిషంలో సర్వర్‌కి వచ్చిన రిక్వెస్ట్ వెతికితే: ఫలానా సంఘం, సభ్యుడు నంబర్ 38, కొత్త ఖాతా ఇదీ. ఆ 38వ నంబర్ ఎవరంటే, ఎక్కువ పడిందని తనంతట తానే వచ్చి చెప్పినాయన.

38కి చేయమన్న మార్పు 1కి జరిగింది. 38వ నంబర్ సొంత రికార్డులో పాత ఖాతా అలాగే ఉంది. ఆయన సొంత పాల డబ్బులు ఆ పాత ఖాతాకే వెళ్లాయి. ఇలాంటి వాళ్లలో కొందరివి మూసేసిన ఖాతాలు, డబ్బులు వెనక్కి వచ్చాయి. అసలు ఖాతా మార్చమన్నదే అందుకు.

మేం లాగ్‌లో రాసుకున్న ఫిల్టర్ చూస్తే రెండు ఫీల్డులు, రెండు విలువలు, రెండూ కరెక్ట్. ఇక్కడే రెండు గంటలు పోయాయి. ట్యాబ్ పాత డేటా పంపుతోందా, ఇద్దరు సెక్రటరీలు ఒకే లాగిన్ వాడుతున్నారా, రెప్లికా వెనకబడిందా... అనుమానపడని వస్తువు లేదు.

చివరికి మంగూస్‌లో డీబగ్ సెట్టింగ్ ఆన్ చేశాం. డేటాబేస్‌కి నిజంగా వెళ్లే ప్రశ్న ఏమిటో అది చూపిస్తుంది. ప్రొడక్షన్ డేటా కాపీ ఒకటి టెస్ట్ సర్వర్‌లో పెట్టి, 38వ నంబర్‌కి ఖాతా మార్చాను. మా లాగ్ లైనులో ఫిల్టర్: సంఘం కోడ్, మెంబర్ నంబర్. దాని కిందే మంగూస్ లైను. అందులో ఫిల్టర్: సంఘం కోడ్. అంతే. రెండు షరతులు బయల్దేరితే ఒక్కటే చేరింది.

అప్పుడు మా లైను అక్షరం అక్షరం చదివితే దొరికింది. డాక్యుమెంట్‌లో ఏ ఫీల్డులు ఉండాలో మంగూస్‌కి చెప్పే స్కీమాలో ఆ ఫీల్డు పేరు "మెంబర్ నో". ఫిల్టర్‌లో ఉన్నది "మెంబర్ నంబర్". తొమ్మిది రోజుల ముందు మా టీమ్‌లో కుర్రాడు ఆ ఫైలు శుభ్రం చేస్తూ పొట్టి పేర్లన్నిటినీ పూర్తి పేర్లు చేశాడు. ఆ ఫైలు వరకూ పక్కాగా చేశాడు. స్కీమా ఉన్నది ఇంకో ఫైలులో.

ముంగిస ఏం చేసింది

ఫీల్డు పేరు తప్పు రాస్తే మాంగోడీబీ దగ్గర మామూలుగా జరిగేది చాలా సింపుల్. అలాంటి ఫీల్డు ఏ డాక్యుమెంట్‌లోనూ లేదు కాబట్టి ఏదీ సరిపోదు, చేతికి నల్, అంటే ఖాళీ, వస్తుంది, స్క్రీన్ "సభ్యుడు దొరకలేదు" అంటుంది. అదే జరిగి ఉంటే సెక్రటరీలు గంటలో గోల పెట్టేవారు, మేం పది నిమిషాల్లో సరిచేసేవాళ్లం, ఈ కేసే ఉండేది కాదు.

మధ్యలో ముంగిస ఉంది. మంగూస్‌లో స్ట్రిక్ట్ క్వెరీ అని ఒక సెట్టింగ్. అది ఆన్‌లో ఉంటే, స్కీమాలో లేని ఫీల్డు ఫిల్టర్‌లో కనబడగానే చప్పుడు చేయకుండా తీసేసి మిగతాది ముందుకు పంపుతుంది. వెర్షన్ 5లో ఇది మామూలుగా ఆఫ్. 2021లో వచ్చిన 6లో ఆన్ చేశారు. 2023లో వచ్చిన 7లో మళ్లీ ఆఫ్ చేశారు. మేం అప్పటికి 6లో ఉన్నాం. 6లో చివరి విడుదలల దగ్గరికి వచ్చేసరికి, సర్వర్ లేచినప్పుడల్లా ఒక హెచ్చరిక వచ్చేది: ఈ సెట్టింగ్ 7లో మారబోతోంది, మీకు ఏది కావాలో ఇప్పుడే చెప్పుకోండి అని.

ఆ హెచ్చరిక లాగ్‌లో చికాకుగా ఉందని, నాలుగు నెలల ముందు స్ట్రిక్ట్ క్వెరీ ట్రూ అని ఒక లైను రాసి దాని నోరు మూయించింది నేనే. స్ట్రిక్ట్ అన్న మాట చూసి, కట్టుదిట్టంగా ఉంటే మంచిదే కదా అనుకున్నాను. అక్కడ స్ట్రిక్ట్ అంటే తెలియనివాణ్ని గుమ్మంలో ఆపడం కాదు, వాడు రాలేదన్నట్టు లెక్క రాసుకోవడం.

కొత్త డాక్యుమెంట్ చేర్చేటప్పుడు తెలియని ఫీల్డును పారేస్తే పోయేది ఆ ఫీల్డు ఒక్కటే. ఫిల్టర్‌లో అలా కాదు. ఒక షరతు పోతే వల పెద్దదవుతుంది, పట్టుబడేవాళ్లు పెరుగుతారు. రెండు చోట్లా ఒకే తీరు ఎందుకు పెట్టారో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మా కేసులో కనీసం సంఘం కోడ్ మిగిలింది. రెండు పేర్లూ తప్పు రాసి ఉంటే ఖాళీ ఫిల్టర్ వెళ్లేది. అప్పుడు 61 సంఘాల మార్పులూ ఒకే ఒక్క మనిషి నెత్తిన పడేవి.

ఇక ఒకటో నంబరే ఎందుకంటే, ఇండెక్స్ వరస. ఫిల్టర్‌లో సంఘం కోడ్ ఒక్కటే ఉన్నా, ఇండెక్స్‌లో అదే ముందుంది కాబట్టి డేటాబేస్ ఆ ఇండెక్స్‌నే వాడుకుంటుంది. ఆ సంఘం పేజీ తెరిచి, అందులో మొదటి పేరు మీద వేలు పెడుతుంది. అది 1. డేటాబేస్ ఎలా వెతికిందో చెప్పే ఎక్స్‌ప్లెయిన్ పెట్టి చూస్తే: చూసిన ఇండెక్స్ కీలు 1, చూసిన డాక్యుమెంట్లు 1, తిరిగిచ్చినవి 1. ఇంతకంటే చక్కటి క్వెరీ ప్లాన్ ఉండదు. స్లో క్వెరీ లాగ్‌లో ఇలాంటిది ఈ జన్మలో కనబడదు.

టెస్టులు ఎలా దాటింది? మా టెస్ట్ డేటాలో సంఘానికి ఒక్కడే సభ్యుడు, వాడి నంబర్ 1. విడుదల ముందు మా టెస్టింగ్ అమ్మాయి చేత్తో కూడా చూసింది, అదే నంబర్ 1 మీద. అక్కడ అంతా సవ్యమే. ఈ తొమ్మిది రోజుల్లో నిజంగా తమ ఖాతా మార్చుకున్న ఒకటో నంబర్ వాళ్లు ఇద్దరున్నారు. వాళ్లకీ స్క్రీన్ ముచ్చటగా పనిచేసింది.

ట్యాబ్ గురించి కూడా ఒక మాట. సర్వర్ జవాబులో ప్రెసిడెంటు గారి పేరుతో సహా మొత్తం డాక్యుమెంట్ తిరిగి వచ్చింది. 38వ నంబర్ కోసం అడిగితే 1వ నంబర్ పేరు వచ్చింది. ట్యాబ్ అది చదవలేదు. నల్ కాదు కదా అని ఆకుపచ్చ టిక్ వేసింది. ఆ పేరు స్క్రీన్ మీద చూపించి ఉంటే, పాల క్యాన్ల మధ్య నిలబడ్డ సెక్రటరీ మొదటి రోజే పట్టుకునేవాడు.

పాత ఖాతాలు ఎక్కడి నుంచి తేవాలి

ముందుగా ఖాతా మార్చే స్క్రీన్ మూసేశాం. పాల ఎంట్రీ జోలికి పోలేదు, పాలు మా కోసం ఆగవు. లెక్క తీస్తే తొమ్మిది రోజుల్లో 43 మార్పులు, 29 సంఘాల్లో. అందులో రెండు సంఘాల్లో మార్చుకున్నది ఒకటో నంబర్ వాళ్లే. మిగిలిన 27 మంది ఒకటో నంబర్లకి తమది కాని ఖాతా అంటుకుంది. ఒకే సంఘంలో ఇద్దరు ముగ్గురు ఖాతా మార్చుకుని ఉంటే, చివర మార్చుకున్నవాడి ఖాతా మిగిలింది.

ఫైండ్ వన్ అండ్ అప్‌డేట్‌కి ఏమీ చెప్పకపోతే అది ఇచ్చేది మార్పుకి ముందున్న డాక్యుమెంట్. కొత్తగా నేర్చుకునేవాళ్లు ముందు తలపట్టుకునేది దీని దగ్గరే, మార్చాను కానీ పాతదే వస్తోందేమిటి అని. అందరిలాగే మేమూ "న్యూ ట్రూ" అని పెట్టి మారిన తర్వాతది తెప్పించుకున్నాం, దాన్నే హిస్టరీలో దాచాం. అంటే మా హిస్టరీ నిండా కొత్త ఖాతాలే. పాతది చేతిదాకా రాబోతే వద్దన్నది మేమే.

ఆప్‌లాగ్‌లో దొరుకుతుందేమో అన్నాడు కుర్రాడు. రెప్లికా సెట్‌లో ఒక సర్వర్ రాసింది మిగతావి చూసి రాసుకోవడానికి ఉండే చిట్టా అది. కానీ అందులో ఏ డాక్యుమెంట్‌లో ఏది ఏమైందన్నదే ఉంటుంది, అంతకుముందు ఏముందో ఉండదు. ఎవరు మారారో నిర్ధారించుకోవడానికి అది సాక్ష్యం, అంతవరకే. పాత విలువలు చివరికి రాత్రిపూట తీసే బ్యాకప్ నుంచి వచ్చాయి. ఆ కుర్రాడి మార్పు విడుదలైన రోజుకి ముందు రాత్రిది.

బ్యాకప్‌ను అలాగే తెచ్చి పోయడానికి లేదు. నిజంగా మార్చుకున్న ఇద్దరున్నారు. పైగా ఆ పొద్దున స్క్రీన్ మూయకముందే కొందరు సెక్రటరీలు తమ ప్రెసిడెంటు ఖాతా చేత్తో సరిచేసి ఉండొచ్చు, ఒకటో నంబర్‌కి స్క్రీన్ పనిచేస్తుంది కదా. అందుకని మరమ్మతు స్క్రిప్ట్ ఫిల్టర్‌లో రెండు షరతులు పెట్టాం: డాక్యుమెంట్ ఐడీ, దాంతోపాటు ఇప్పుడు అందులో ఉండాల్సిన తప్పు ఖాతా నంబర్. ఆ తప్పు ఖాతా ఇంకా అక్కడే ఉంటేనే మార్చు, ఎవరైనా ముందే తాకి ఉంటే వదిలెయ్ అని.

మొదటిసారి నడిపితే 27కి 27 సున్నా. ఒక్కటీ సరిపోలేదు. టెన్షన్‌లో ముందు తప్పు ఖాతాల జాబితానే అనుమానించాం. సంగతి అది కాదు. జాబితా సీఎస్‌వీ నుంచి వచ్చింది, అందులో ఐడీలు 24 అక్షరాల స్ట్రింగులు. డేటాబేస్‌లో ఉన్నవి ఆబ్జెక్ట్ ఐడీలు, 12 బైట్ల వేరే రకం వస్తువు. కంటికి ఒకేలా కనిపిస్తాయి, డేటాబేస్‌కి మాత్రం రెండూ వేరు. మంగూస్ అయితే స్కీమా చూసి మార్చేసుకుంటుంది. ఈ స్క్రిప్ట్ మేం కావాలనే మంగూస్ లేకుండా రాశాం, ముంగిస మీద అలిగి. అలక ఖరీదు అరగంట.

ఐడీలను మార్చి మళ్లీ నడిపితే 24 సరిపోయాయి. మిగిలిన ముగ్గురిలో ఇద్దరివి అనుకున్నట్టే సెక్రటరీలు చేత్తో సరిచేసేశారు. మూడోది చూస్తే, అందులో తప్పు ఖాతా అలాగే ఉంది కానీ స్ట్రింగ్‌గా కాదు, నంబరుగా. ఆ ఒక్క సంఘం వివరాలు ఎప్పుడో ఎక్సెల్ నుంచి నేరుగా ఎక్కించినవి, దాని రికార్డుల్లో మార్పు పడ్డాక ఖాతాను మళ్లీ నంబరుగా చేసే పాత స్క్రిప్ట్ ఒకటి విడిగా నడుస్తోంది. స్ట్రింగ్‌తో వెతికితే నంబరు దొరకదు. అంతకంటే భయం వేసే విషయం: మన దేశంలో ఖాతా నంబర్లు 18 అంకెల దాకా ఉంటాయి. ఎక్సెల్ 15 అంకెల వరకే నిజాయితీగా ఉంచుతుంది, ఆపైన సున్నాలు పెడుతుంది. జావాస్క్రిప్ట్‌లో కూడా 15 అంకెలు దాటాక పూర్తి నమ్మకం లేదు. ఖాతా సున్నాతో మొదలైతే ఆ సున్నా ఎటూ పోతుంది. కూడికలూ తీసివేతలూ చేయనిది ఏదైనా, ఎన్ని అంకెలున్నా, అది స్ట్రింగే. ఖాతా, ఫోన్, పశువు చెవికి వేసే 12 అంకెల ట్యాగ్, అన్నీ.

పేరుతో వెతకబోతే

సరిచేసిన ప్రతి రికార్డునూ ఆఫీసులో ఒకరు కాగితం ఫారంతో పోల్చి, రైతుకి ఫోన్ చేసి ఖరారు చేశారు. అక్కడ ఇంకో ముడి పడింది. ఫారం చూసి పేరు కొడితే రికార్డు రాదు. స్క్రీన్ మీద అదే పేరు కళ్లెదుట ఉంటుంది, వెతికితే మాత్రం లేదంటుంది.

"రాజ్‌కుమార్" అని రాయడానికి జ్ తర్వాత కనపడని ఒక అక్షరం పెట్టాలి, లేకపోతే క వెళ్లి జ కింద ఒత్తుగా చేరిపోతుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. యూటీఎఫ్-8లో మూడు బైట్లు. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే పెడతాయి, కొన్ని పెట్టవు. కొన్ని పేరు చివర పొల్లు తర్వాత కూడా ఊరికే ఒకటి తగిలించి వదిలేస్తాయి, అక్కడైతే కంటికి తేడాయే తెలియదు. మాంగోడీబీ మామూలుగా స్ట్రింగులను బైటుకి బైటు పోలుస్తుంది. ఇదే కాదు, ఐత్వం ఒక కోడ్‌గా రావచ్చు, ఎత్వం ప్లస్ కింది గుర్తు కలిపి రెండు కోడ్లుగానూ రావచ్చు. చూడటానికి ఒక్కటే.

పేరును ఉన్నదున్నట్టు ఉంచి, పక్కన వెతకడానికి మాత్రమే ఇంకో ఫీల్డు పెట్టాం. యూనికోడ్‌ను ఒకే రూపానికి తెచ్చి, కనపడని అక్షరాలు తీసేసి, ఖాళీలు సర్ది అందులో దాస్తాం. వెతికే మాటకీ అదే స్నానం చేయిస్తాం. అయినా సరే పేరు పెట్టి ఎవరి రికార్డూ మార్చనివ్వం. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో, తాత పేరు పెట్టుకున్న అన్నదమ్ముల పిల్లలు ముగ్గురు ఒకే పేరుతో ఉంటారు. పేరుతో జాబితా చూపిస్తాం, మనిషి ఎంచుకుంటాడు, ఎంచుకున్నాక సర్వర్‌కి వెళ్లేది ఐడీ.

ఇప్పుడు ఎలా రాస్తున్నాం

స్ట్రిక్ట్ క్వెరీని ఆన్‌లోనూ ఉంచలేదు, ఆఫ్‌లోనూ ఉంచలేదు. దానికి మూడో విలువ ఉంది, "త్రో". తెలియని ఫీల్డు ఫిల్టర్‌లో కనబడితే ఎర్రర్ వేసి ఆగిపోతుంది. నేను మొదట్లో స్ట్రిక్ట్ అంటే ఏమనుకున్నానో అది ఇదీ.

ఒక సభ్యుడి రికార్డు మార్చడానికి కోడ్ మొత్తంలో ఒకే ఫంక్షన్ మిగిల్చాం. దాని ఫిల్టర్‌లో మూడు ఉంటాయి. ఐడీ, సంఘం కోడ్, రివిజన్ నంబరు. సంఘం కోడ్ ట్యాబ్ పంపింది కాదు, లాగిన్‌ను బట్టి సర్వర్‌కి తెలిసింది, ఒక ఊరి సెక్రటరీ ఇంకో ఊరి రికార్డు తాకకుండా. రివిజన్ అంటే మార్పు జరిగిన ప్రతిసారీ ఒకటి పెరిగే అంకె. సెక్రటరీ స్క్రీన్ తెరిచినప్పుడు అది 7 ఉండి, ఆయన కొట్టేలోపు ఆఫీసు వాళ్లు ఏదో మార్చి 8 అయితే, 7తో వెతికితే దొరకదు. నల్ వస్తుంది. నల్ వచ్చినప్పుడు ఐడీ ఒక్కదానితో ఇంకోసారి చదివి, మనిషే లేడా, లేక ఈలోపు ఎవరైనా మార్చారా అన్నది తేల్చి చెబుతాం. ఈ రెండింటికీ ఒకే "ఎర్రర్" చూపిస్తే సెక్రటరీ మళ్లీ మళ్లీ అదే బటన్ నొక్కుతాడు.

దాణా బాకీకి మాత్రం రివిజన్ అడ్డు పెట్టలేదు. అక్కడ అసలు చిక్కు చదివి, లెక్క చేసి, తిరిగి రాయడంలో ఉంది. బాకీ 4,200 ఉందనుకోండి. సెక్రటరీ దాణా బస్తా ఇచ్చి 1,150 కలపాలి, అదే సమయానికి ఆఫీసులో 500 జమ చేయాలి. ఇద్దరూ 4,200 చదివారు. ఒకరు 5,350 రాశారు, వెంటనే ఇంకొకరు 3,700 రాశారు. ఉండాల్సింది 4,850. బస్తా గాల్లో కలిసిపోయింది. కొత్త మొత్తం పంపకుండా "ఇంత కలుపు", "ఇంత తీసెయ్" అని ఇంక్ ఆపరేటర్‌తో పంపితే చాలు. ఒక డాక్యుమెంట్ మీద పని ఒకటి పూర్తయ్యాకే ఇంకొకటి జరుగుతుంది కాబట్టి ఏ వరసలో వచ్చినా 4,850 దగ్గరే తేలుతుంది.

న్యూ ట్రూ తీసేశాం. తిరిగొచ్చేది ఇప్పుడు పాత డాక్యుమెంట్, అదే హిస్టరీకి వెళ్తుంది. కానీ మార్పు జరిగి, హిస్టరీ రాసేలోపు సర్వర్ పడిపోతే? అందుకని పాత ఖాతాను అదే డాక్యుమెంట్‌లో "గత ఖాతా" అనే ఫీల్డులోకి అదే దెబ్బలో మారుస్తున్నాం. ఫీల్డులో ఫలానా విలువ పెట్టు అని చెప్పే మామూలు సెట్ ఆపరేటర్‌తో ఇది కుదరదు, ఉన్న విలువను చదివి పక్కన పెట్టడం దానికి రాదు. మాంగోడీబీ 4.2 నుంచి అప్‌డేట్ భాగంలో అగ్రిగేషన్ పైప్‌లైన్, అంటే ఉన్న విలువలను చదివి వాడుకోగల మెట్ల వరస, ఇవ్వొచ్చు, దాంతో కుదురుతుంది. ఒక జాగ్రత్త: ఈ పైప్‌లైన్ లోపలి విలువల రకాన్ని మంగూస్ సరిచూడదు. ఖాతాను స్ట్రింగ్ చేసే పని మనమే చేసుకోవాలి. ఆ ఎక్సెల్ సంఘం తర్వాత అది మాకు చెప్పాల్సిన పని లేదు.

అప్‌సర్ట్, అంటే దొరక్కపోతే కొత్తది పుట్టించడం, ఈ ఫంక్షన్‌లో లేనే లేదు. ఉంటే ప్రతి తప్పు నంబరుకీ ఒక దయ్యపు సభ్యుడు పుడతాడు. పాల ఎంట్రీలో మాత్రం ఉంది. సంఘం, సభ్యుడు, తేదీ, పూట, ఈ నాలుగింటి మీద యునీక్ ఇండెక్స్‌తో కలిపి. ఆ ఇండెక్స్ లేకుండా అప్‌సర్ట్ పెడితే, ఒకేసారి వచ్చిన రెండు రిక్వెస్టులు చెరొకటి పుట్టించగలవు. ఇండెక్స్ ఉంటే రెండోది E11000 అనే డూప్లికేట్ ఎర్రర్ తింటుంది, ఇంకోసారి ప్రయత్నిస్తే మామూలు అప్‌డేట్‌గా వెళ్లిపోతుంది.

ట్యాబ్‌లో ఆకుపచ్చ టిక్ తీసేశాం. దాని బదులు సభ్యుడి నంబరు, పేరు, పాత ఖాతా చివరి నాలుగు అంకెలు, కొత్త ఖాతా చివరి నాలుగు అంకెలు పెద్ద అక్షరాల్లో వస్తాయి. సెక్రటరీ పైకి చదవాలి, రైతు ఊ అనాలి, అప్పుడు నొక్కాలి. టెస్ట్ డేటాలో సంఘానికి నలుగురు సభ్యులు. టెస్ట్ ఎప్పుడూ మూడోవాడిని మారుస్తుంది, మిగతా ముగ్గురూ బైటు కూడా కదల్లేదని చూస్తుంది.

తప్పుగా పడ్డ డబ్బులు చాలావరకు ఊళ్లోనే చేతులు మారి తేలిపోయాయి, మిగిలినవి డెయిరీ వాళ్లు తర్వాతి బిల్లులో సర్దారు. అంతా సద్దుమణిగాక, మొదటి రోజు ఫోన్ చేసిన సెక్రటరీయే మళ్లీ చేశాడు.

"సార్, ప్రెసిడెంటు గారు ఒక మాట అడగమన్నారు. ఆయనకి ఆ ఒకటో నంబర్ వద్దట. చివర్లో ఏదన్నా ఖాళీ నంబర్ ఉంటే వేసేయమంటున్నారు."

కుదరదని చెప్పాను. సంఘం పెట్టినప్పటి నుంచి పూట పూటకీ ఆయన పోసిన పాల ఎంట్రీల మీదంతా ఆ నంబరే ఉంది.